ఉద్దానం వైపు నుంచి చల్లని ప్లాస్మా

వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాల్లో ఏ వైద్యం గురించి మాట్లాడాలన్నా ముందు కిడ్నీల గురించి మాట్లాడాలి. దశాబ్దాలుగా ఈ ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్ కూడా వస్తే చిక్కు ముదురుతుంది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్, హెర్2 గ్రాహకాలు మూడూ లేని ఈ కణితి హార్మోను మాత్రలకు లొంగదు. ప్రధానంగా కీమో మీదే ఆధారపడాలి. ఆ మందుల్లో సిస్‌ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. కార్బోప్లాటిన్ మోతాదును కిడ్నీల పనితీరు చూసే నిర్ణయిస్తారు. అందుకే రక్తంలోకి మందు ఎక్కించకుండా కణితి ఉన్నచోటే పనిచేసే పరికరం మీద అందరికంటే ఎక్కువ ఆసక్తి ఉండాల్సింది ఇక్కడి వాళ్లకేనని నా వాదన.

ఆ పరికరం వంశం 1857 నాటిది. వెర్నర్ సీమెన్స్ రెండు గాజు గొట్టాల నడిమి సందులో గాలిని పంపి, అధిక వోల్టేజీ ఇచ్చి ఓజోన్ తయారుచేశాడు. గాజు అడ్డుండటంతో విద్యుత్తు మంటగా మారదు. ఎలక్ట్రాన్లు మాత్రమే వేడెక్కుతాయి, గాలి చల్లగానే ఉంటుంది. ఇదే చల్లని ప్లాస్మా. చాలాకాలం ప్రధానంగా నీటిశుద్ధికి వాడిన ఈ పద్ధతితో 2007లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ బృందం మెలనోమా కణాలను చావు దారి పట్టించింది.

ప్లాస్మా కణితిలోకి లోతుగా దిగదు కదా అన్నది మొదటి అభ్యంతరం. అది నిజం. కానీ ప్లాస్మా పుట్టించే చురుకైన ఆక్సిజన్, నైట్రోజన్ అణువుల తాకిడికి క్యాన్సర్ కణం ఊరికే చావదు. చస్తూ కాల్‌రెటిక్యులిన్ అనే ప్రోటీన్‌ను తన పైపొర మీదకు తెస్తుంది, ఏటీపీ అనే శక్తి అణువును బయటికి వదులుతుంది. ఆ జాడ పట్టి రోగనిరోధక వ్యవస్థలోని డెండ్రైటిక్ కణాలు టీ కణాలకు శత్రువును చూపిస్తాయి. మిగతా వేట ప్లాస్మాది కాదు, శరీరానిదే. 2021లో శాస్త్రవేత్తలు జెన్ గు, రిచర్డ్ విర్జ్ తదితరులు ఎలుకల్లో రొమ్ము కణితిని కోసి, మిగిలిన చోట ప్లాస్మా పెడితే కణితి తిరిగి పెరగడం తగ్గింది.

ఎలుక మనిషి కాదన్నది రెండో అభ్యంతరం, ఇది మరింత గట్టిది. అమెరికా, ఇజ్రాయెల్‌లలో వైద్యుడు జెరోమ్ కెనడీ నడిపిన తొలి దశ పరీక్షలో ముదిరిన కణితులున్న 20 మందికి ఆపరేషన్ చేసిన చోట ప్లాస్మా పెట్టారు. పరికరం వల్ల తీవ్రమైన హాని కనబడలేదు. అంతమాత్రాన జబ్బు నయమవుతుందని రుజువు కాలేదు. కాబట్టి నేడు కీమో మానుకోమని ఎవరూ చెప్పకూడదు. అడగాల్సింది వేరే ఉంది: క్యాన్సర్ చికిత్సల పరీక్షల్లో కిడ్నీ రోగులను తరచూ పక్కన పెడతారు; ప్లాస్మా పరీక్షలు మన దాకా వచ్చినప్పుడు వాళ్లను మొదటి నుంచే చేర్చుకోవాలి.