కోవాగ్జిన్ ట్రయల్స్‌లో గర్భిణులు, బాలలు

కోవాగ్జిన్, హైదరాబాదు ఉత్తర శివార్లలో శామీర్‌పేట సమీపాన గల జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ రూపొందించిన కోవిడ్-19 టీకా. 2020 నవంబరులో ప్రారంభమైన మూడవ దశ క్లినికల్ ట్రయల్స్‌లో సుమారు 25,800 మంది పెద్దలు పాల్గొన్నారు. గర్భస్థ శిశువుకు హాని కలుగవచ్చుననే జాగ్రత్తతో గర్భిణులను చేర్చుకొనలేదు. దీనివలన వారి విషయమై చెప్పుటకు తగిన ఆధారాలు లేకపోయినవి. గర్భిణులలో కోవిడ్ తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. అయినా 2021 వేసవిలో రెండవ ఉధృతి విరుచుకుపడినపుడు వారికి టీకా అందుబాటులో లేదు. 2021 జూలై 2న కేంద్ర ప్రభుత్వం అనుమతించినది. మంచిచెడ్డలు తెలుసుకొని నిర్ణయించుకొనే భారం మాత్రం తల్లిపైనే పడింది.

బాలల విషయంలో ట్రయల్ ముందు జరిగింది. 2 నుండి 18 ఏళ్ళ వయసు గల 525 మందిపై పరీక్షకు 2021 మే నెలలో అనుమతి లభించింది. పెద్ద పిల్లలతో మొదలుపెట్టి క్రమంగా చిన్నవారిని చేర్చుకొన్నారు. 2022 జనవరి 3 నుండి 15-18 ఏళ్ళవారికి ఈ టీకా వేయసాగారు.