పెండ పొయ్యికా, పొలానికా? కామారెడ్డి–ఎల్లారెడ్డి దిక్కున గోబర్ గ్యాస్ ముచ్చట

ఎల్లారెడ్డి దిక్కు నుంచి ఒక రైతు ఫోన్ చేసి అడిగిండు: "అన్నా, పెండంతా గ్యాసుకే పోతే జీవామృతానికి ఏం మిగులుతది?" మంచి ప్రశ్న. ప్రకృతి వ్యవసాయం చేసేటోళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

కొంతమంది ముందు సోలార్ గురించి అడుగుతారు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ ఉంది. కానీ 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇంటికి సోలార్‌తో మిగిలేదేమీ లేదు. 200 దాటే ఇంటికైతే ఆలోచించొచ్చు. పశువులున్న ఇంట్లో అసలు ఖర్చు సిలిండర్ దగ్గరే.

ఇక లెక్క చూద్దాం. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పెండ, అంతే నీళ్లు కావాలి. అంటే నాలుగైదు పశువులు. వచ్చే గ్యాస్ దాదాపు 0.9 కిలోల ఎల్పీజీకి సమానం. అంటే 16 రోజుల్లో ఒక 14.2 కిలోల సిలిండర్ అంత గ్యాస్ అన్నమాట.

మరి పొలం సంగతి? పెండ పులిసినప్పుడు గ్యాసై పోయేది ముఖ్యంగా కర్బనం. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపుగా స్లర్రీలోనే ఉంటాయి. పిడకలు చేసి కాలిస్తే నత్రజని కూడా పొగలో పోతుంది, మిగిలేది బూడిదే. అందుకే పిడకల కంటే గ్యాస్ ఎంతో నయం. పోయిన కర్బనాన్ని మాత్రం ఆకులు, గడ్డి ఆచ్ఛాదనతో భూమికి తిరిగి ఇవ్వాలి.

ఈ మధ్య కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో ఒక అక్క వాళ్ల ప్లాంటు చూసిన. "పొలానికేం పోస్తవని మా ఆయన కొట్లాడిండు తమ్మీ. ఇప్పుడు పొద్దుగాల్ల లేచి ఆయనే పెండ కలుపుతుండు," అని నవ్వింది. స్లర్రీని కాలువ నీళ్లతో మడికి ఎట్ల వదులుతున్నరో వీడియోలో చూడండి. ఎండలో ఆరబెడితే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, ఆ పని చేయకండి.

నా మాట ఏందంటే, జీవామృతం కోసం ఎకరానికి కావాల్సిన 10 కిలోల తాజా దేశీ ఆవు పెండను ముందే పక్కన పెట్టుకోండి. దాని బదులు స్లర్రీ వేయకండి. బెల్లం 2 కిలోలు, కామారెడ్డి వాళ్లకు దానికి కొదవ లేదు!

మొదటిసారి ప్లాంటు నింపడానికి సుమారు 2 టన్నుల పెండ కావాలి, కాబట్టి ముందునుంచే పోగు చేసుకోండి. మొదట వచ్చే గ్యాస్ సరిగా మండదు, వదిలేయాలి. సబ్బు నీళ్లు, ఫినాయిల్‌తో కడిగిన నీళ్లు లోపలికి పోనియ్యొద్దు, సూక్ష్మజీవులు చస్తాయి. చలికాలంలో గ్యాస్ తగ్గుతుంది, సిలిండర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఒకటే ఆవు ఉన్నోళ్లు ప్లాంటు జోలికి పోకండి. ఆ పెండ జీవామృతానికే సరిపోతుంది.