మొదటి అద్దె ఇల్లు: తక్కువ ఖర్చులో వాకిలి, పెరడు బాగుచేయడం

పోయిన ఎపిసోడ్‌లో మొదటిసారి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు లోపల ఏమేం చూసుకోవాలో చెప్పుకున్నాం. ఈసారి బయటికి వద్దాం. గేటు నుంచి గుమ్మం దాకా, మళ్ళీ పక్క సందులోంచి పెరటి దాకా.

నేను చెప్పేదంతా రాజమండ్రి శివార్లలో మాకున్న ఒక చిన్న ఇంటి లెక్క. రెండొందల గజాల స్థలం, రెండు పడగ్గదుల డాబా. ముందు పన్నెండు అడుగుల ఖాళీ, వెనక ఎనిమిది, పక్కన మూడడుగుల సందు. మా మొదటి అద్దె ఇల్లు అదే. బ్యాంకు లోను మీద కొన్నాం కాబట్టి, ఇంట్లో ఎవరున్నా లేకపోయినా నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి. మేం అనుకున్న అద్దె 9 వేలు. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఆ 9 వేలూ జీతంలోంచే పోతాయి. అందుకని ముందే ఒక గీత గీసుకున్నాను: బయట పనికి మూడు నెలల అద్దె, అంటే 27 వేలు. అంతకు మించి రూపాయి పెట్టకూడదు.

ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, మొత్తం పార్కింగు టైల్సు, ఓ మూల లాను, గోడకి రాళ్ళ డిజైను అని లక్షా నలభై వేలు చెప్పాడు. బాగానే ఉంటుందండీ, కాదనను. కానీ 9 వేల అద్దె ఇంటికి అది పదిహేను నెలల పైన అద్దె. పైగా పన్ను లెక్కలో కూడా కలిసి రాదు. అద్దె ఆదాయం మీద, మునిసిపల్ పన్ను తీసేశాక, మరమ్మతులూ గట్రాకి కలిపి 30 శాతం మినహాయింపు ఇస్తారు. మీరు ఐదు వేలు ఖర్చు పెట్టినా లక్ష పెట్టినా ఆ 30 శాతమే.

మరి ఆ 27 వేలు దేనికి పెట్టాలి? నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. ఈ వాకిలిని నెల రోజులు ఎవరూ పట్టించుకోకపోయినా బాగుండాలి. అద్దెకున్నవాళ్ళు మన మొక్కలకి నీళ్ళు పోస్తారని అనుకోకూడదండీ. వాళ్ళకి పిల్లల బడులు, ఉద్యోగాలు, ఊరి ప్రయాణాలు ఉంటాయి. కాబట్టి డబ్బు ముందు నేల మీద పెట్టాలి. నీళ్ళు ఎటు పోతున్నాయి, కాలు ఎక్కడ పెడతాం, బట్టలు ఎక్కడ ఆరేస్తాం, ఇవి చూసుకున్నాకే మొక్కలు.

నీళ్ళతో మొదలుపెడదాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఓ సాయంత్రం 20 మిల్లీమీటర్ల వాన కురిసిందంటే డాబా మీంచే దాదాపు 1,850 లీటర్లు దిగుతాయి. అవన్నీ రెండు మూడు గొట్టాల్లోంచి గోడ పక్కనే పడతాయి. అక్కడ బురద, తర్వాత నాచు, ఆ తర్వాత గోడకి నిమ్ము. లోపల పెయింటు ఊడిపోవడానికి కారణం చాలా ఇళ్ళలో బయటే ఉంటుంది.

అందుకే మొదటి పని వాటం. ఇంటి గోడ వైపు ఎత్తు, గేటు వైపు పల్లం ఉండాలి. పది అడుగులకి అంగుళంన్నర, రెండు అంగుళాలు చాలు. మేస్త్రీలు నీళ్ళు నింపిన ట్యూబుతో లెవెల్ చూస్తారు కదా, అది చాలు, పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. మట్టి గోడకి ఆనించి ఎత్తుగా పోయనివ్వకండి. పూలమడి కూడా గోడకి ఆనుకుని వద్దు. నిమ్ముతో పాటు చెదలకీ దారి చూపించినట్టే.

వాటం అయ్యాక గ్రావెల్. రెండొందల చదరపు అడుగుల్లో మూడంగుళాల మందం వెయ్యాలంటే యాభై ఘనపుటడుగులు, అంటే అర యూనిట్. ఈ లెక్క మీరే వేసుకుని వెళ్ళండి. లేకపోతే యూనిట్ తోలేసి వెళ్తారు, మిగిలింది వీధిలో ఉంటుంది. తడిపి, దిమ్మిసతో బాగా కొట్టించాలి. కింద పాత ఫ్లెక్సీలు పరిస్తే కలుపు రాదని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. నీరు కిందికి ఇంకదు, పైన గ్రావెల్ జారిపోతుంది.

డాబా గొట్టం పడేచోట ఇంకుడు గుంత తీయించాను. నాలుగడుగుల చదరం, ఐదడుగుల లోతు. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన ముతక ఇసుక. గుంత మొత్తం 80 ఘనపుటడుగులైనా, రాళ్ళ మధ్య ఖాళీల్లో పట్టేది ఏ 900 లీటర్లో. అందుకే మిగిలింది వీధి కాలువలోకి పోయేలా ఒక గొట్టం పెట్టాలి. గుంత సెప్టిక్ ట్యాంకుకీ, ఇంటి గోడకీ దూరంగా ఉండాలి.

ఇక నడిచే దారి. మొత్తం పరిపించే పనే లేదు. తాండూరు బండలు, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పువి, అడ్డంగా వేయించాను. ఒక బండ మధ్య నుంచి ఇంకో బండ మధ్యకి అడుగున్నర దూరం. ప్యాంటు వేసుకున్న మేస్త్రీ తన అడుగు కొలిచి రెండడుగులు పెడతానన్నాడు. చీర కట్టుకుని చేతిలో బిందెతో నడిచేవాళ్ళు అంత అంగలు వెయ్యలేరండీ. బండలు నునుపువి వద్దు, గరుకువి అడగండి, వానలో జారవు. గేటు పక్కనే స్కూటరు నిలిపే చోట మాత్రం ఖాళీ లేకుండా ఓ ఏడడుగులు పరిపించాను. గ్రావెల్‌లో స్టాండు దిగబడి బండి పడిపోతుంది.

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు ఏం అడుగుతారో గమనించండి. మా ఇంటికి ఒక రిటైరైన టీచరుగారు, ఆయన భార్య వచ్చారు. ఆవిడ లోపలికి వెళ్ళకుండా ముందు పెరట్లోకి నడిచారు. "బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి బాబూ?" అన్నారు. తర్వాత "ముగ్గు ఎక్కడ పెట్టుకోవాలి?" అని. కప్‌బోర్డుల గురించి ఆవిడ అడగనే లేదు. మెట్టు ముందు నాలుగడుగుల చదరం సిమెంటు గచ్చు, ఓ పక్క తులసికోటకి చోటు, పెరట్లో కుళాయి కింద గిన్నెలు తోముకునే చిన్న గట్టు, దాని నీళ్ళు కాలువలోకి పోయే దారి. జి.ఐ. తీగతో రెండు వరసల దండెం, నడిచే దారికి అడ్డం రాకుండా. గేటు దగ్గర ఒక ఎల్‌ఈడీ లైటు. ఇవి చిన్న పనులే, కానీ అద్దె మాట్లాడేటప్పుడు మన తరఫున మాట్లాడేవి ఇవే.

మొక్కలకి మాకైంది ఎరువుతో కలిపి 900 రూపాయలు. కడియం, కడియపులంక నర్సరీలు పక్కనే ఉన్నాయి కాబట్టి మాకు సులువు. పెద్ద కుండీల్లో పూసిన మొక్కలు కళ్ళు తిప్పుకోనివ్వవు, నిజమే. చిన్న కవర్లలోవి కొనండి. నేలలో పాతితే ఏడాదిలో అందుకుంటాయి. కరివేపాకు, మందారం, నందివర్ధనం, నూరువరహాలు. ఇవి వేళ్ళూనుకున్నాక నాలుగు రోజులు నీళ్ళు లేకపోయినా తట్టుకుంటాయి. లాను మాత్రం వద్దు. వేసవిలో దానికి పోసే నీళ్ళు, కోసే మనిషి, ఇవి ఎవరి ఖర్చన్నది చివరికి తగువులో తేలుతుంది. మునగ కూర మంచిదే, కానీ వాకిట్లో వద్దు. గొంగళిపురుగులు పడతాయి, గాలికి కొమ్మ విరుగుతుంది. గన్నేరు విషం, చిన్నపిల్లలున్న ఇంటికి పనికిరాదు. ఇరుకు స్థలంలో కొబ్బరి వేస్తే కాయ పక్కింటివాళ్ళ బండి మీద పడుతుంది. కుండీల కింద పళ్ళేలు పెట్టకండి. వాటిలో నిలిచిన నీళ్ళలో వారం పది రోజుల్లో డెంగీ దోమ తయారవుతుంది.

ఖర్చు చెప్పేస్తాను. వాటం, గ్రావెల్ 6,500. బండలు, రవాణా, కూలీ 5,000. ఇంకుడు గుంత 6,000. గచ్చు, గట్టు 4,500. లైటు, కుళాయి, దండెం 2,500. మొక్కలు 900. మొత్తం 25,400. మిగిలిన 1,600 గేటుకి రెడాక్సైడు, పైన నల్ల రంగు. మా ఊరి ధరలివి, మీ దగ్గర మారతాయి.

పని ఎప్పుడు పెట్టుకోవాలంటే, నన్నడిగితే ఆషాఢం. ఆ నెల్లో ఇల్లు మారేవాళ్ళు తక్కువ, ఎలాగూ ఇల్లు ఖాళీగానే ఉంటుంది. వానలు మొదలవుతాయి కాబట్టి వాటం సరిగ్గా ఉందో లేదో మేస్త్రీ ఊళ్ళో ఉండగానే తెలిసిపోతుంది. పాతిన మొక్కలకి నీళ్ళ బాధ లేదు. శ్రావణం వచ్చేసరికి గేటుకి బోర్డు కట్టెయ్యొచ్చు.

అగ్రిమెంటులో రెండు వాక్యాలు రాయించండి. గుంత పైన ఇసుక ఏడాదికోసారి ఎత్తి కడిగించడం ఓనరు పని. వాకిలి ఊడ్చుకోవడం, కాలువలో చెత్త పడకుండా చూసుకోవడం అద్దెకున్నవాళ్ళ పని. మొక్కల మాట రాయకండి. పెంచుకుంటే సంతోషం.

ఇంకొకటి, గ్రావెల్ కప్పే ముందు నీళ్ళ పైపులు, కరెంటు పైపు ఎటు వెళ్ళాయో టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి. ఒక కాపీ అద్దెకొచ్చేవాళ్ళకీ ఇవ్వండి. రేపు వాళ్ళు ఓ మొక్క పాతుదామని పార పడితే పైపు పగలకుండా ఉంటుంది. అడ్వాన్సు ఎంత తీసుకోవాలన్నది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండీ.