మరలోనే ఉంది మర్మం

ఫొటో మసకగా వస్తే తీసినవాణ్ణి తప్పుపడతాం. తేటగా వస్తే కెమెరాను మెచ్చుకుంటాం. నిజానికి ఆ రెంటికీ మధ్య తేడా ఒక్కొక్కప్పుడు బియ్యపుగింజ మందమైనా ఉండదు. కటకాన్ని ఆ కాస్తా జరపడమే ఫోకస్ చేయడం. ఇప్పుడీ పని చాలా కెమెరాల్లో బుల్లి మోటారు చేసిపెడుతున్నది. 1977లో కొనికా సంస్థ తనంతట తానే ఫోకస్ చేసుకునే కెమెరాను అమ్మకానికి తెచ్చే దాకా అదంతా మనిషి చేతి పనే.

మీరట్ దగ్గర సార్ధనాలో 1844లో పుట్టి, ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆ కాలపు పెద్ద కెమెరాలకు హార్మోనియం తిత్తి వంటి మడతల తిత్తి ఉండేది. తలమీద నల్లగుడ్డ కప్పుకొని, వెనుక గరుకుటద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను చూస్తూ కటకాన్ని ముందుకూ వెనక్కూ జరిపేవారు. బొమ్మ తేటపడిందా, అద్దం ఉన్నచోట ప్లేటు పెట్టేవారు.

ఎంత జరపాలి?

50 మిల్లీమీటర్ల కటకం దూరపు కొండను చూసేటప్పుడు ఫిల్ముకు సరిగ్గా 50 మిల్లీమీటర్ల ఎడంలో ఉండాలి. అయిదు మీటర్ల దూరంలో ఉన్న మనిషికైతే మరో అర మిల్లీమీటరు ముందుకు రావాలి. మీటరు దూరంలో ఉన్న పసివాడికైతే 2.6 మిల్లీమీటర్లు. ఇంత సన్నని కొలత చేతికి అందేదెలా? మర ద్వారా! 1925లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన లైకా కెమెరా కటకం కూడా మర తిప్పితే జరిగేదే.

ఇంట్లో చేసి చూడండి

కిటికీకి ఎదురుగోడ దగ్గర భూతద్దం పట్టుకుంటే దూరపు తాటిచెట్టు బొమ్మ గోడమీద పడుతుంది. అది తేటగా ఉన్నప్పుడు అద్దానికీ గోడకూ ఉన్న ఎడం కొలవండి. అది 100 మిల్లీమీటర్లనుకుందాం. ఒకదానిలో ఒకటి దూరే రెండు అట్టగొట్టాలు తీసుకొని లోపల నల్లరంగు పూయండి. లోపలిగొట్టం ముందుకొనకు భూతద్దం, బయటిగొట్టం వెనుకకొనకు నూనె రాసిన పల్చని కాగితం అతికించండి. బయటిగొట్టానికి వాలుగా ఒక చీలిక కోసి, లోపలిగొట్టానికి గుచ్చిన మేకు అందులోంచి బయటికి వచ్చేటట్టు అమర్చండి. మేకు పట్టి తిప్పితే కటకం మెల్లగా జరుగుతుంది. ఇదే మరకు తొలిరూపం.

మీటరు దూరపు వస్తువుకు కటకం 11 మిల్లీమీటర్లు, అరమీటరుకు 25 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. చీలిక పక్కన పెన్సిలుతో ఆ దూరాలు గుర్తు పెట్టుకోండి. తాటిచెట్టు తేటగా కనిపించేచోట చీలిక ముగియాలి. దీన్ని సూర్యుడివైపు మాత్రం తిప్పి చూడరాదు, కంటికి ప్రమాదం.

అసలు కటకాల్లో చీలికకు బదులు లోహపు గొట్టాల మీద మర కోస్తారు. మామూలు బోల్టును బిగించాలంటే ఎన్నోచుట్లు తిప్పాలి. వెడల్పుమూతి ఊరగాయ సీసా మూతకు పావుచుట్టు చాలు. అక్కడ ఒక మరకు బదులు నాలుగైదు పక్కపక్కనే మొదలవుతాయి. కటకపు మరా అంతే. మధ్య పూసిన చిక్కని గ్రీజువల్ల కుదుపు లేకుండా తిరుగుతుంది.

పెన్‌పహాడ్‌లోనైనా పట్నంలోనైనా తాతగారి కెమెరా అటకమీద ఉంటే పాతసామానువాడికి వేసేయకండి. గ్రీజు గట్టిపడిందేమో, తెలిసిన పనివాడికి చూపించండి. మోటారుతోనే కదిలే కటకం మోటారు పోతే మూగబోతుంది. మర ఉన్న కటకం చెయ్యి తగిలితే చాలు, మళ్లీ కళ్లు తెరుస్తుంది.