లీస్‌బర్గ్ కోర్టు, లౌడన్ కౌంటీ కాగితాలు

వర్జీనియా రాష్ట్రం లౌడన్ కౌంటీకి కేంద్రమైన లీస్‌బర్గ్‌లో, కింగ్ స్ట్రీట్, మార్కెట్ స్ట్రీట్ కలిసే మూల మీద ఎర్ర ఇటుకల కోర్టు భవనం ఒకటి ఉంది. ముందు తెల్లటి స్తంభాల వసారా, పైన చిన్న గోపురం. ఇప్పుడున్న కట్టడం 1894-95 నాటిది. అదే ఆవరణలో అంతకు ముందు 1811లో కట్టినది ఒకటి, దానికీ ముందు బ్రిటిష్ వలస పాలన నాటిది మరొకటి ఉండేవి. భవనాలు మారినా స్థలం మారలేదు. కౌంటీ పుట్టిన నాటి నుంచి రాసిన దస్తావేజుల పుస్తకాలు కూడా చెక్కుచెదరలేదు. అమెరికా అంతర్యుద్ధం జరిగిన నేల మీద ఇది అరుదైన సంగతి.

1757లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీని విడదీసి లౌడన్ కౌంటీని ఏర్పాటు చేశారు. అప్పట్లో ఉత్తర అమెరికాలో బ్రిటిష్ సేనలకు అధిపతిగా ఉంటూ, పేరుకు వర్జీనియా గవర్నరు కూడా అయిన లౌడన్ ప్రభువు పేరు దానికి పెట్టారు. మరుసటి ఏడాది, 1758లో, నికొలస్ మైనర్ అనే భూస్వామి పొలంలో వేసిన ప్లాట్లు లీస్‌బర్గ్ పట్టణమయ్యాయి. ఆ ప్రాంతంలో పలుకుబడి ఉన్న లీ కుటుంబం వల్ల ఊరికి ఆ పేరు వచ్చింది.

ఆనాటి కౌంటీ కోర్టు తగవులు తీర్చి ఊరుకునే చోటు కాదు. గవర్నరు నియమించిన జస్టిస్‌లు అక్కడ కూర్చునేవారు. వాళ్లు జీతం లేని భూస్వాములు, చాలామంది లా చదవనివాళ్లు. రోడ్డు ఎటు వేయాలి, వంతెన ఎవరు కట్టాలి, అనాథ పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించాలి, పూటకూళ్ల ఇంట్లో భోజనానికి ఎంత తీసుకోవాలి అన్నవన్నీ వాళ్లే తేల్చేవారు. పన్నుల లెక్క పొగాకు పౌండ్లలో ఉండేది. నెలకోసారి వచ్చే కోర్టు రోజున వాయిదా లేనివాళ్లు కూడా ఊళ్లోకి వచ్చేవారు. గుర్రాల బేరాలు, అప్పుల వసూళ్లు, రాజకీయాలు అన్నీ ఆ ఆవరణలోనే నడిచేవి.

1774 జూన్ 14న కౌంటీలో భూమి గల ఓటర్లు ఈ కోర్టులోనే సమావేశమై, బోస్టన్ రేవును మూసిన బ్రిటిష్ పార్లమెంటును తప్పుపడుతూ తీర్మానాలు చేశారు. చరిత్రలో అవి లౌడన్ తీర్మానాలు. రెండేళ్ల తరువాత ఆగస్టులో స్వాతంత్ర్య ప్రకటనను ఈ కోర్టు మెట్ల మీద చదివి వినిపించారని ఊరివాళ్లు చెప్పుకుంటారు. 1825లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచ్ సేనాని లఫాయెట్ ఇక్కడికి వచ్చినప్పుడు అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్, మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో ఆయన వెంట ఉన్నారు. ఊళ్లో పర్యాటకులకు ముందుగా చెప్పేది ఈ ఘనతల గురించే.

కానీ ఆ మెట్ల దగ్గరే మనుషుల్ని వేలం వేశారు. చనిపోయిన భూస్వామి ఆస్తి జాబితాలో మంచాలు, ఆవులు, గుర్రాల వరసలోనే బానిసల పేర్లు, వాళ్ల ధరలు కనిపిస్తాయి. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లు సైతం కోర్టు గుమస్తా దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. వయసు, ఎత్తు, ఒంటి రంగు, ముఖం మీదో చేతి మీదో ఉన్న మచ్చ, స్వేచ్ఛ ఎలా వచ్చింది అన్న వివరాలను గుమస్తా పుస్తకంలో ఎక్కించేవాడు. ఆ నమోదు నకలు చేతిలో లేకపోతే దారిలో ఎవరైనా నిలదీసినప్పుడు తాను స్వతంత్రుణ్ణని రుజువు చేసుకోవడం కష్టమయ్యేది.

ఆ రోజుల కేసుల్లో రెండింటిని ఇప్పటికీ తలచుకుంటారు. లీస్‌బర్గ్‌లో పుట్టిన లెనర్డ్ గ్రైమ్స్ స్వతంత్రుడైన నల్లజాతి వ్యక్తి. వాషింగ్టన్‌లో బాడుగ బండ్లు నడిపేవాడు. లౌడన్ నుంచి ఒక బానిస తల్లిని, పిల్లల్ని బండిలో దాటించాడని 1840లో ఇక్కడ విచారించి, రెండేళ్ల జైలు, 100 డాలర్ల జరిమానా వేశారు. శిక్ష ముగిశాక ఆయన బోస్టన్ వెళ్లి చర్చి పాస్టరై, పారిపోయి వచ్చిన ఎందరికో అండగా నిలిచాడు. రెండోది 1846 నాటి నెల్సన్ గాంట్ కేసు. అప్పటికి గాంట్ విముక్తుడు, భార్య మరియా ఇంకా బానిసే. ఆమెను వెంట తీసుకుపోయినందుకు దొంగతనం కేసు పెట్టారు. భర్తకు వ్యతిరేకంగా భార్య చేత సాక్ష్యం చెప్పించకూడదన్న పాయింటు మీద గాంట్ బయటపడ్డాడు. బానిసల పెళ్లికి చట్టంలో విలువే లేని రాష్ట్రంలో ఆ వాదన నెగ్గడం విశేషమే. తరువాత ఆయన భార్యను డబ్బిచ్చి విడిపించుకుని ఒహాయో వెళ్లిపోయాడు.

ఈ కేసుల వివరాలు నేటికీ దొరుకుతున్నాయంటే కారణం జార్జ్ కె. ఫాక్స్ జూనియర్ అనే కోర్టు గుమస్తా. అంతర్యుద్ధంలో, 1862లో, ఉత్తరాది (యూనియన్) సేనలు దగ్గరపడుతుండగా, రికార్డుల్ని క్షేమమైన చోటికి చేర్చమని కోర్టు ఆయనకు పురమాయించింది. ఆయన పుస్తకాల్ని బండికెక్కించి, నూరు మైళ్లకు పైగా దక్షిణాన ఉన్న క్యాంబెల్ కౌంటీకి తీసుకుపోయాడు. యుద్ధం ముగిసేదాకా అక్కడే కాపాడి, తిరిగి లీస్‌బర్గ్ చేర్చాడు. రాజధాని రిచ్మండ్ అయితే భద్రమనుకుని రికార్డులు అక్కడికి పంపిన కౌంటీలు కొన్ని ఉన్నాయి. 1865 ఏప్రిల్‌లో రిచ్మండ్ తగలబడినప్పుడు వాటి పుస్తకాల్లో చాలా భాగం బూడిదైంది. బానిసల్ని ఆస్తిగా రాసిన పుస్తకాలను బానిసత్వం కోసం పోరాడిన పక్షం గుమస్తాయే కాపాడాడు. నేడు తమ పూర్వీకుల్ని వెతుక్కునే నల్లజాతి కుటుంబాలకు ఆ పుస్తకాలే ఆధారమవుతున్నాయి.

యుద్ధంతో బానిసత్వం పోయింది, జ్యూరీ కుర్చీలు మాత్రం తెల్లవాళ్లవే. 1889లో ఓరియన్ ఆండర్సన్ అనే నల్లజాతి కుర్రవాణ్ణి విచారణ లేకుండానే లీస్‌బర్గ్ జైలు నుంచి మూక ఈడ్చుకుపోయి ఉరితీసింది. 1908లో కోర్టు ముందు, అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహం వెలిసింది.

ఈ కోర్టు పేరు దేశమంతా వినిపించింది 1933లో. కౌంటీలోని మిడిల్‌బర్గ్‌లో ఇద్దరు స్త్రీల హత్య కేసులో జార్జ్ క్రాఫర్డ్ అనే నల్లజాతి వ్యక్తి నిందితుడు. అతని తరఫున హోవర్డ్ యూనివర్సిటీ లా కాలేజీని నడిపిస్తున్న చార్ల్స్ హామిల్టన్ హ్యూస్టన్ వకాల్తా పుచ్చుకున్నాడు. ఆయనతో సహా జట్టులోని లాయర్లంతా నల్లవాళ్లే. దక్షిణాదిలో ఉరిశిక్ష పడగల కేసులో అది చాలా పెద్ద సాహసం. అభియోగం మోపిన గ్రాండ్ జ్యూరీలో ఒక్క నల్లవాడూ లేడు కాబట్టి అది చెల్లదని ఆయన వాదించాడు. జడ్జి ఒప్పుకోలేదు. తాను హత్య జరిగినప్పుడు బోస్టన్‌లో ఉన్నానని క్రాఫర్డ్ చెప్పిన మాట అబద్ధమని తేలడంతో హ్యూస్టన్ చిక్కుల్లో పడ్డాడు. అయినా డిసెంబరులో తెల్లవాళ్ల జ్యూరీ ఉరి కాకుండా యావజ్జీవం వేసింది. అప్పీలు చేయనందుకు సొంత పక్షం వాళ్లే ఆయన్ని దుయ్యబట్టారు. మళ్లీ విచారణ జరిగితే ఉరి పడే ప్రమాదముందని ఆయన లెక్క. ఆ లెక్క సరైనదే అనిపిస్తుంది. జ్యూరీల నుంచి నల్లవాళ్లను తప్పించడం చెల్లదని 1935లో అమెరికా సుప్రీంకోర్టు నారిస్ అనే నల్లజాతి నిందితుడి కేసులో తేల్చింది. క్రాఫర్డ్ కేసులో హ్యూస్టన్‌కు సాయపడిన శిష్యుడు థర్‌గుడ్ మార్షల్ తరువాత అదే సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి జడ్జి అయ్యాడు.

2020 జులైలో కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహాన్ని కోర్టు ముందు నుంచి తీసేశారు. చారిత్రక కోర్టు భవనానికి ఇప్పుడు హ్యూస్టన్ పేరు పెట్టారు.

కౌంటీలోని యాష్‌బర్న్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఈ కోర్టుతో నేరుగా లావాదేవీ ఉంటుంది. తెలుగు నాట రిజిస్ట్రేషన్‌కు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వేరు, కోర్టు వేరు. వర్జీనియాలో ఇంటి దస్తావేజును నమోదు చేసేది సర్క్యూట్ కోర్టు గుమస్తా ఆఫీసే. పెళ్లి లైసెన్సు ఇచ్చేదీ, వీలునామా రుజువు చేయించేదీ అదే. 1757లో మొదలైన దస్తావేజుల వరస నేడు కంప్యూటర్లో సాగుతోంది. పాత పుస్తకాలు చారిత్రక రికార్డుల విభాగంలో ఉన్నాయి, వాటిని ఎవరైనా వెళ్లి చూడవచ్చు.