కౌజు వాసన, కుక్క ముక్కు

పిల్లలూ, అనంతపురం మెట్టచేలల్లో కౌజు కూత వినపడని పల్లె ఉండదు. తెల్లవారుజామున కంపచెట్ల మాటు నుంచి ఒకటి కూస్తే, అవతలి గట్టు నుంచి ఇంకొకటి బదులు పలుకుతుంది. ఫారాల్లో పెంచే జపాన్ పిట్ట సంగతి కాదు నేను చెప్పేది, బయళ్ల మీద బతికే మన ఊరి కౌజు సంగతి. కూత చెవిన పడుతుంది గానీ పిట్ట కంటబడదు. మట్టిరంగు ఒళ్లు, దాని మీద ఎండుగడ్డి చారలు. నాలుగడుగుల దూరంలో నక్కి కూర్చున్నా మనం దాటిపోతాం. పక్కన నడిచే కుక్క మాత్రం ఉన్నట్టుండి నిలబడిపోయి, మూతి గాలికెత్తి, అటే చూస్తుంది. దానికెట్లా తెలిసింది?

ముక్కుతో తెలిసింది. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో 20 కోట్ల పైచిలుకు ఉంటాయి. లెక్క ఒక్కటే కాదు, కట్టడం కూడా వేరు. కుక్క పీల్చిన గాలి లోపల రెండు దారులు పడుతుంది. చాలా భాగం ఊపిరితిత్తులకు పోతుంది, కొద్ది భాగం వెనకనున్న వాసన గదిలోకి పోయి అక్కడ కాసేపు నిలుస్తుంది. మనం వదిలే ఊపిరి ఎదురుగా ఉన్న వాసనను చెదరగొడుతుంది. కుక్క ముక్కుకు పక్కన సన్నని చీలికలున్నాయి, చూశారా? వదిలే గాలి అటు నుంచి పక్కకు పోతుంది, ముందున్న వాసన చెదరదు. అట్లా సెకనుకు ఐదుసార్ల దాకా మూచూస్తుంది. ముక్కు కొన తడిగా ఉండటం కూడా ఊరికే కాదు, గాలిలో తేలే వాసన అణువులు ఆ తడికి అంటుకుంటాయి.

మరి కౌజు దగ్గర అంత వాసనేముంది? చాలా పిట్టలకు లాగే కౌజుకూ తోక మొదట్లో ఒక చిన్న నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు పూసుకుంటుంది. ఆ నూనె, రాలే చర్మపు పొట్టు, రెట్ట, ఊపిరి అన్నీ కలిసి పిట్ట చుట్టూ గాలిలోకి చేరి, గాలివాటున సాగిపోతాయి. పిట్ట దగ్గర సన్నగా, దూరం పోయేకొద్దీ వెడల్పుగా, పలచగా. అందుకే వేటకుక్క గాలికి ఎదురు నడుస్తుంది. అటూ ఇటూ వంకరలు తిరుగుతూ, వాసన తగిలినచోట ముందుకు, తప్పినచోట వెనక్కి జరుగుతూ మొదలు పట్టుకుంటుంది.

ఇక్కడ మీరే చేసి చూడదగ్గ పరీక్ష ఒకటుంది. పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, తెల్లవారకముందే పెరట్లో నేలకు దగ్గరగా ఒక అగరొత్తి వెలిగించండి. గాలి లేకపోతే పొగ కాస్త లేచి, నేల మీదే పొరలా పరుచుకుంటుంది. అదే అగరొత్తిని వేసవి మధ్యాహ్నం ఎర్రమట్టి చేలో వెలిగించండి. పొగ తునకలుగా చెదిరి పైకెగిరిపోతుంది. రాత్రంతా చల్లారిన నేల తన మీది గాలిని చల్లగా, బరువుగా ఉంచుతుంది. కాలిన నేల గాలిని వేడెక్కించి పైకి తోస్తుంది. వాసనా ఇట్లాగే పోతుంది. నేలలో తడి ఉంటే వాసన నిలుస్తుంది, బొత్తిగా ఎండిపోతే కుక్క ముక్కు కూడా పొడిబారుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే మన అనంతపురంలో వాసన పట్టడమంటే కష్టమైన విద్యే.

ఇంగ్లండు, స్కాట్లండుల్లో నేల చల్లన, గాలి తేమ. అక్కడ పిట్టల వేటకు ముక్కు కుక్కలను తరతరాలుగా ఏరి పెంచారు. పాయింటర్ పిట్ట వాసన తగలగానే ఒక కాలెత్తి, కదలకుండా నిలబడి చూపిస్తుంది. సెట్టర్ నేలకు ఒదుగుతుంది. స్పానియల్ పొదల్లో దూరి పిట్టను లేపుతుంది. రిట్రీవర్ పడిన పిట్టను పళ్లు దిగకుండా తెచ్చి చేతికిస్తుంది. మన దక్కనులో నేల ఎండుది, బయలు విశాలం, చూపు దూరం పోతుంది. ఇక్కడ వేటగాళ్లు చూపు కుక్కలను పెంచారు. కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా ముధోళ్ కుక్క ఆ జాతిదే. సన్నని తల, లోతైన రొమ్ము, పొడుగు కాళ్లు. కుందేలు లేచిందంటే కంటితో పట్టి పరుగుతో గెలుస్తుంది. 2005లో మన తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల కూడా వేసింది. కౌజును పట్టడానికి మాత్రం మనవాళ్లు కుక్కకంటే దీమాన్నే నమ్ముకున్నారు. పెంచిన కౌజును పంజరంలో పెట్టి కూయిస్తే, తన పొలిమేరలోకి ఎవరో వచ్చారని అడవి కౌజు పోట్లాటకు వచ్చి ఉచ్చులో పడేది. ఏ నేలకు తగ్గ విద్య ఆ నేలలో పుడుతుంది.

అయితే ఏ కుక్కకైనా వేడి పెద్ద శత్రువు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింద కొద్దిగా పడుతుంది, అంతే. ఒంటి వేడి తగ్గాలంటే నాలుక చాపి రొప్పాలి. రొప్పేటప్పుడు గాలి నోటితో పోతుంటుంది, ముక్కుతో మూచూడటం కుదరదు. అలసిన కుక్కకు ఎదురుగా ఉన్న పిట్ట వాసన కూడా తగలదు. అమెరికాలో పాయింటర్ కుక్కలను పరుగు యంత్రం మీద పరిగెత్తించి చూశారు. అలవాటు లేని కుక్కల ముక్కు పరుగు తర్వాత బాగా మందగించింది, రోజూ కసరత్తు చేసిన కుక్కల ముక్కు చురుకుగానే ఉంది. చూశారా, వాసన పట్టే బలం ముక్కులోనే లేదు, గుండెలో, కాళ్లలో కూడా ఉంది.

మందల వెంట తిరిగే కుక్కకైనా, తోట కాపలా కుక్కకైనా ఇదే పాఠం. ఎండాకాలమంతా నీడన పడుకున్న కుక్కను తొలకరి రోజున ఒక్కసారిగా కొండకు తోలకూడదు. చల్లని పొద్దున కొద్ది దూరంతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ పోవాలి. సంగటి పెట్టిన వెంటనే పరిగెత్తించకూడదు. నీళ్లు కొంచెం కొంచెంగా, తరచుగా పట్టాలి. ఇంటికి రాగానే వేళ్ల సందున పల్లేరు ముళ్లు, చెవుల లోపల పిడుదులు వెతకాలి. పిచ్చికుక్క రోగానికి టీకా ఏటా వేయించాలి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీలు. అది 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. తూలుతూ, చొంగ కారుస్తూ ఉంటే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ పశువుల డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

కుక్కకు అంత తయారీ ఉంటే పిట్టకు ఉండదా? నేల మీద గూడు కట్టే ఉల్లంకి జాతి పిట్టల మీద నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఒక పని చేశారు. గుడ్లు పొదిగే కాలంలో ఆ పిట్టల ఈకల నూనె మారిపోతుంది. తేలిగ్గా ఆవిరయ్యే మైనం పోయి, గాలిలో కలవడానికి బద్ధకించే బరువైన మైనం వస్తుంది. 2005లో వాళ్లు ప్రకటించిన ఫలితం ప్రకారం, శిక్షణ పొందిన కుక్కకు కూడా ఈ రెండో మైనాన్ని పసిగట్టడం ఎక్కువ కష్టమైంది. గూట్లో కదలకుండా కూర్చునే తల్లి తన వాసనను కూడా అణిచిపెడుతుందన్నమాట. ఎంత గొప్ప సంగతి!

ఇలాంటి పిట్టలను మనిషి వేట నుంచి కాపాడటానికి మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో లైసెన్సు మీద కొంత వేటకు వీలుండేది, 1991 సవరణతో అదీ పోయింది. చంపడమే కాదు, ఉచ్చు వేసినా, గూడు చెదరగొట్టినా, గుడ్లు తీసినా చట్టం దృష్టిలో అది వేటే. మంచి పనే జరిగిందని నా గట్టి నమ్మకం. కరువు నేల మీద మేత తక్కువ, గూటికి మాటు తక్కువ. అందులో తుపాకులు, ఉచ్చులు కూడా చేరితే ఏ పిట్టా నిలవదు.

కానీ వేట పోయిందని వేటగాడి విద్యను పారేయకూడదు. న్యూజిలాండ్‌లో రిచర్డ్ హెన్రీ అనే ఆయన 1894లో రిజల్యూషన్ దీవికి కాపలాదారుగా వెళ్లాడు. ఎగరలేని కాకాపో చిలుకలను, కివీలను శత్రువుల బారి నుంచి తప్పించి ఆ దీవికి చేర్చాలి. కుక్క మూతికి చిక్కం కట్టి, దాని ముక్కుతోనే పిట్టలను వెతికి, బతికుండగా పట్టుకున్నాడు. ఈనాటికీ అక్కడి ప్రభుత్వం పిట్టలను కాపాడే పనికి కుక్కలను తయారుచేస్తూనే ఉంది.

మన పెన్నా లోయ కథ ఇంకా దగ్గరిది. కలివికోడి అనే పిట్టను జెర్డన్ అనే డాక్టరు 1848 ప్రాంతంలో లోకానికి చెప్పాడు. 1900లో మన అనంతపురం వైపే కనిపించి, ఆ తర్వాత జాడ లేకుండా పోయింది. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. వెతికింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్. పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. రాత్రిపూట తిరిగే ఆ పిట్టను దీపం వెలుగులో గుర్తించే విద్య ఆయనది. 86 ఏళ్లు పుస్తకాలకు అందనిది ఆయన చేతికి అందింది. తర్వాత శాస్త్రవేత్తలు పొదల మధ్య మెత్తని మట్టి పట్టీలు పరిచి, అడుగుల జాడలతో ఆ పిట్ట ఎక్కడ తిరుగుతుందో లెక్క తీశారు. జాడ చదవడం వేటగాళ్ల నుంచి వచ్చిన విద్యే కదా.

అందుకని పిల్లలూ, వేటగాళ్లకు లాగే మనకూ ఒక సీజను ఉంది, దానికీ తయారీ కావాలి. కౌజు ముఖ్యంగా చైత్రం నుంచి భాద్రపదం దాకా నేల మీద చిన్న గుంతలో ఆరు నుంచి ఎనిమిది గుడ్లు పెట్టి, మూడు వారాల దగ్గర పొదుగుతుంది. ఆ నెలల్లో గట్ల మీది కంపను, గడ్డిని పూర్తిగా తగలబెట్టకండి, కౌజు పిల్లలు తిరగడానికి అదే మాటు. చేనికి పోయేటప్పుడు కుక్కను వదిలేయక పక్కన నడిపించండి. అది ఎక్కడైనా నిలబడి మూతి ఎత్తిందంటే మీరూ నిలబడండి. పొద తొలగించి చూడకండి, కుక్కను వెనక్కి తీసుకుని పక్క దారిన పోండి. ఇంటికొచ్చాక ఏ గట్టు, ఏ వేళ, గాలి ఎటు వీస్తోంది అన్నది నోటు పుస్తకంలో రాసుకోండి. నాలుగేళ్లు అట్లా రాస్తే, మీ ఊరి కౌజుల గురించి ఏ పుస్తకంలోనూ లేని సంగతులు మీ చేతిలో ఉంటాయి.