లైబ్రరీ గుమ్మంలో తుపాకీ

లైబ్రరీకి వెళ్లేవాళ్ల చేతిసంచిలో ఏముంటాయి? పుస్తకాలు, కళ్లజోడు, మంచినీళ్ల సీసా. చంటిపిల్ల తల్లయితే పాలసీసా. తుపాకీ కూడా ఉండొచ్చంటే మనవాళ్లు నవ్వుతారు. కానీ అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో అది నవ్వులాట కాదు, చట్టం ఒప్పుకున్న విషయం.

కాన్సాస్ పేరు మనకు కొత్త కాదు. 2017 ఫిబ్రవరిలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి ద్వేషంతో కాల్చి చంపింది అక్కడి ఒలేథా ఊళ్లోనే. అది ప్రైవేటు బారులో జరిగింది. నేను చెప్పబోయేది ప్రభుత్వ భవనాల సంగతి. రెంటినీ కలపకూడదు. అయినా ఆ రోజు నుంచీ అక్కడ పిల్లలున్న తల్లులకు తుపాకీ అన్న మాట వింటేనే గుండె ఝల్లుమంటుంది. మా అమ్మాయి కుటుంబం ఉండేదీ ఆ చుట్టుపక్కలే.

దుకాణానికి ఉంది... లైబ్రరీకి లేదు!

అక్కడికి వెళ్లినప్పుడు నేనొకటి గమనించాను. కొన్ని దుకాణాల తలుపుల మీద తుపాకీ బొమ్మ, దానికి అడ్డంగా ఎర్రగీత ఉన్న స్టిక్కర్ ఉంటుంది. లోపలికి తుపాకీ తేవద్దని అర్థం. మనవణ్ణి కథలు వినడానికి తీసుకెళ్లే లైబ్రరీకి మాత్రం అది లేదు.

"ఇదేమిటే, కొట్టువాడికున్న జాగ్రత్త లైబ్రరీవాళ్లకు లేదా?" అన్నాను.

"లేక కాదమ్మా, స్టిక్కర్ అంటించి ఊరుకుంటే చెల్లదు" అంది మా అమ్మాయి.

సంగతేమిటంటే, తుపాకీ బయటికి కనబడకుండా దాచి తీసుకెళ్లడానికి లైసెన్సులిచ్చే చట్టం కాన్సాస్‌లో 2006లో వచ్చింది. 2013లో ఇంకో చట్టం చేశారు. రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల భవనాల్లోకి అలాంటి తుపాకీలు రాకూడదంటే ప్రజలు వచ్చే ప్రతి ద్వారం దగ్గరా తనిఖీ యంత్రం, సిబ్బంది ఉండాలి. అవి లేకపోతే రానివ్వాల్సిందే! కొంతకాలం మినహాయింపు ఇచ్చారు గానీ ఊళ్లకు ఆ గడువు 2017తో తీరిపోయింది. ఈలోగా 2015లో, చట్టం నిషేధించినవాళ్లు తప్ప 21 ఏళ్లు నిండినవాళ్లెవరికీ లైసెన్సు కూడా అక్కర్లేదన్నారు. 2021లో 18 నుంచి 20 ఏళ్లవాళ్లకూ లైసెన్సు మీద అనుమతి వచ్చింది. పిల్లల బడులు మాత్రం ఈ నిబంధన కిందికి రావు.

ఖర్చు ఎవరు భరించాలి?

కోర్టులో తనిఖీ యంత్రం పెట్టారంటే అర్థముంది. ఇద్దరు ఉద్యోగులతో నడిచే పల్లెటూరి లైబ్రరీ మాటేమిటి? పొద్దున్నుంచి రాత్రిదాకా గుమ్మం దగ్గర మనిషిని కూర్చోబెడితే ఆ జీతం పుస్తకాల డబ్బులోంచే పోవాలి కదా! అంటే నిషేధించే హక్కు కాగితం మీద ఉంది, దాన్ని వాడుకునే స్తోమతే ఊరికి లేదు.

ఈ బరువు రాష్ట్రానికీ తెలిసొచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రులన్నింటికీ కాపలా పెట్టడం తలకు మించిన ఖర్చవుతుందని 2017లో ఆసుపత్రులకు, మానసిక ఆరోగ్య కేంద్రాలకు శాశ్వతంగా మినహాయింపు ఇచ్చారు. మంచిదే. మరి ఆసుపత్రికి వర్తించిన న్యాయం పసిపిల్లలు చాప మీద కూర్చుని కథలు వినే చోటుకు ఎందుకు వర్తించదు?

ఆడవాళ్ల మాట రెండు రకాలు

అక్కడి ఆడవాళ్లందరిదీ ఒకే మాట అనుకోకండి. రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా కారు దాకా నడిచే అమ్మాయి, "స్టిక్కర్ చూసి ఆగేది మంచివాడే, దుర్మార్గుడు ఆగుతాడా?" అంటుంది. ఆ భయం అబద్ధం కాదు. కానీ కౌంటర్ వెనక కూర్చునే ఆవిడ గురించి కూడా ఆలోచించాలి. పన్ను దగ్గరో, జరిమానా దగ్గరో గొంతు పెంచిన మనిషి కోటు లోపల ఏముందో ఆవిడకు తెలీదు. వద్దనే అధికారమూ లేదు. నా ఓటు ఆవిడకే.

అడగాల్సింది ఎవర్ని?

ఊరి కౌన్సిల్‌ను అడిగితే పని జరగదు. తుపాకీల మీద సొంత నిబంధనలు పెట్టే అధికారాన్ని రాష్ట్రం ఊళ్ల చేతుల్లోంచి తీసేసుకుంది. రాజ్యాంగం ఒప్పుకోదంటారేమో, అదీ నిజం కాదు. తుపాకీ హక్కును గట్టిగా సమర్థించిన అమెరికా సుప్రీంకోర్టే 2008లో, మళ్లీ 2022లో, బడులు, ప్రభుత్వ భవనాల వంటి సున్నితమైన చోట్ల నిషేధం ఉండొచ్చంది. కాబట్టి ఇది రాష్ట్ర శాసనసభ ఏరి కోరి పెట్టుకున్న నిబంధన. పెట్టుకున్నది మార్చుకోవడమూ వాళ్ల చేతుల్లోనే ఉంది.

పురుటికనో, మనవల్ని చూసుకోవడానికనో వెళ్లే మనలాంటివాళ్లకు అక్కడ ఓటు లేదు. పౌరసత్వం వచ్చిన మన పిల్లలకు ఉంది. కాన్సాస్ ప్రతినిధుల సభకు రెండేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి. ఓటడగడానికి వచ్చినవాళ్లను వీసాల సంగతే కాదు, లైబ్రరీ గుమ్మం సంగతి కూడా అడగమని మన పిల్లలకు చెబుదాం.